మాణిక్యం మేత ముట్టడం లేదు

212వ రోజు. మాణిక్యం తూకం 5 కిలోల 380 గ్రాములు.

ఈ రోజు నుంచి ఈ దినచర్య పుస్తకం రాయాల్సింది నేను. నా పేరు సత్యవేణి. కొత్తరేవు గుమ్మటంలోని విద్యా రాయబారుల శాలలో పదకొండేళ్ళుగా రెండో సంరక్షకురాలిని. మొదటి సంరక్షకుడు మేడిశెట్టి వీర్రాజు గారు మోకాళ్ళు రెండూ మార్పించుకోవడానికి నిన్న దక్షిణ గుమ్మటానికి వెళ్ళారు. బయట దుమ్ముకాలం మొదలైంది కాబట్టి ఇక బండ్లు నడవవు, నాలుగు నెలల దాకా ఆయన రారు. అంటే మొదటి సంరక్షకురాలినీ నేనే, రెండోదాన్నీ నేనే, పొద్దున్నే రెట్టలు కడిగేదాన్నీ నేనే.

రాయబారులు ముగ్గురు. తాసిల్దారు అనే గుడ్లగూబ పాఠం జరిగినంతసేపూ నిలబడి నిద్రపోతుంది. పిల్లలకు అదంటే చాలా గౌరవం. బంగారి అనే గద్ద ఎగిరి చూపిస్తుంది. ఈ ఎర్రనేల మీద అన్నీ తేలికే కదా, ఒక్కసారి రెక్క కొడితే చాలు, పోయి పైకప్పుకు గుద్దుకుంటుంది. రోజూ గుద్దుకుంటుంది, అయినా బుద్ధి రాదు. మూడోది మాణిక్యం. రాబందు. వయసు ముప్పై ఒకటి. గుమ్మటంలో పుట్టి ఆకాశం ఎరగని పిల్లలకు భూమి మీద ఏమేం ఎగురుతాయో, ఎలా బతుకుతాయో చూపించడం ఈ ముగ్గురి ఉద్యోగం. మూడింటి కాళ్ళకూ గుర్తింపు బిళ్ళలున్నాయి. నా బిళ్ళ పోయిన ఏడాది విరిగింది, కొత్తది ఇంకా ఇవ్వలేదు.

నిజం రాయాలంటే నాకు మాణిక్యం అంటే పడదు. బోడి మెడ, ఆ కంపు, పై నుంచి కిందికి మనల్ని కొలుస్తున్నట్టు ఆ చూపు. దాన్ని వీర్రాజు గారే చూసుకునేవారు. నేను తలుపు దాకా వెళ్ళి తొంగి చూసి వచ్చేసేదాన్ని.

మధ్యాహ్నం మేత పెట్టాను. అందరూ చేసినట్టే తెర దించి, అటు తిరిగి నిలబడి, నమిలే చప్పుడు నా చెవిన పడకుండా కూనిరాగం తీశాను. అరగంట తర్వాత తెర తీస్తే మాంసం ముక్క పెట్టిన చోటే ఉంది. ఒక మూల గోటంత కొరికి వదిలేసింది. అలిగింది కాబోలు అనుకున్నాను.

215వ రోజు. 5 కిలోల 170.

అలక కాదు. మూడు రోజులుగా ఇదే వరస. ముక్క మార్చాను, పళ్ళెం మార్చాను, తెర మార్చాను. పాత తెర పలచగా ఉండి నేను కనిపిస్తున్నానేమో, ఆడపక్షి కదా, సిగ్గుపడుతోందేమో అని రెండు పొరలు వేశాను. కూనిరాగం కూడా పెద్దగా తీశాను. లాభం లేదు.

దక్షిణ గుమ్మటానికి లైను కలిపించి వీర్రాజు గారిని అడిగాను.

"ఆయ్, కొత్త మొహం కదమ్మా, బెట్టు సేత్తంది. రెండ్రోజులు పోనీ," అన్నారు.

"మీరు మేత పెట్టేటప్పుడు ప్రత్యేకంగా ఏమైనా చేసేవారా?"

"ఏం సేత్తానమ్మా? పెట్టేవోణ్ణి. అది తినేది."

ఆ మాట ఆయన చాలా తొందరగా అన్నారు. తర్వాత మోకాలు నొప్పిగా ఉందని పెట్టేశారు.

218వ రోజు. 4 కిలోల 940.

డైరెక్టరు పల్లాలమ్మ గారు వచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని, మాణిక్యం చుట్టూ మూడుసార్లు తిరిగారు. పల్లాలమ్మ గారు ఏ సమస్య చుట్టూ అయినా మూడుసార్లు తిరుగుతారు.

"ఏమే సత్యవేణీ, అది నిన్ను సూడ్డం లేదే. నీ మొహంలో దేని కోసమో ఎతుకుతోంది."

"దేని కోసమండీ?"

"మీసం," అన్నారు.

నవ్వొచ్చింది కానీ నవ్వలేదు. ఎందుకంటే రాయబారుల ఎదుట రూపం మార్చకూడదన్నది మా శాల మొదటి నియమం. వేటపక్షులు మార్పు ఓర్చవు. ఒకసారి పల్లాలమ్మ గారు కొత్త కళ్ళజోడు పెట్టుకొస్తే బంగారి రెండు రోజులు కప్పు మీద నుంచి దిగలేదు. ఆ నియమం కోసమే పదకొండేళ్ళుగా నేను ఒకటే జడ, ఒకటే ఆకుపచ్చ రిబ్బను. వీర్రాజు గారికి ముప్పై ఒక్కేళ్ళుగా ఒకటే మీసం. రెండు చెవుల దాకా ఉంటుంది. మాణిక్యం గుడ్డులోంచి వచ్చింది మొదలు చూసింది ఆ మీసాన్నే.

వర్కుషాపుకు చీటీ రాశాను: మీసం, ఒకటి, పెద్దది.

220వ రోజు. 4 కిలోల 790.

మీసం వచ్చింది. కొలత పొరపాటైందో, ఆ వర్కుషాపు వాళ్ళు ఎప్పుడూ మీసం చూడలేదో గానీ, అది పెట్టుకుంటే నాకు ముందు దారి కనిపించలేదు. కత్తిరించి పెట్టుకున్నాను.

తాసిల్దారు కళ్ళు తెరిచింది. ఉద్యోగంలో చేరాక పగటిపూట దానికి మెలకువ రావడం ఇదే మొదలు. నా వంక చూసి, తల పూర్తిగా వెనక్కి తిప్పేసుకుని అలాగే ఉండిపోయింది. పాఠానికి వచ్చిన పిల్లల్లో ఒకమ్మాయి "టీచర్, మీకు మీసం ఎప్పుడొచ్చింది?" అని అడిగితే "నిన్న" అన్నాను. రాసుకుంది.

మాణిక్యం మాత్రం మెడ సాచి మీసాన్ని చాలా సేపు చూసింది. దగ్గరకు వచ్చింది. ఇంకా దగ్గరకు వచ్చింది. ఒక్క పట్టు పట్టి, మీసం ఊడపీకి, మింగేసింది. ఎనిమిది రోజుల్లో అది పూర్తిగా తిన్న తిండి అదొక్కటే.

పక్షుల డాక్టరును పిలిచాను. పక్షుల డాక్టరు భాస్కరం మా ఆయనే. శాలలో మాత్రం "డాక్టరు గారూ" అంటాను.

"డాక్టరు గారూ, మీసం అరుగుతుందా?"

"దేంతో చేశారు?"

"నైలానండి."

"అయితే అరగదు. పైకొచ్చేస్తుంది. ఎవరూ ఎదురుగా నిలబడకండి."

221వ రోజు. 4 కిలోల 760.

పైకొచ్చింది. విద్యాశాఖ పరిశీలకుడు చిట్టబ్బాయి గారి బూట్ల మీదికి వచ్చింది.

ఆయన పొద్దున్నే చెప్పాపెట్టకుండా దిగారు. బొద్దుగా ఉంటారు, చేతిలో ఎప్పుడూ ఒక తోలు సంచీ. ఈ రాబందు పిల్లలకు ఏం బోధిస్తోందో, బోధించకపోతే దానికి రాయబారి హోదా ఎందుకో తేల్చి రాయడం ఆయన పని. కప్పుకు గుద్దుకునే బంగారిని మెచ్చుకున్నారు. నిద్రపోయే తాసిల్దారును ఇంకా మెచ్చుకున్నారు, తమ ఆఫీసు గుర్తొచ్చింది కాబోలు. మాణిక్యం ఎదుటికి వచ్చి వంగి చూశారు. రాబందుకు భయం వేస్తే కడుపులోది కక్కుతుందని నేను చెప్పబోయే లోపే జరిగిపోయింది.

ఆయన బూటు మీది మీసాన్ని చాలా సేపు చూశారు.

"ఇది ఎవరిదండీ?"

"నాదేనండి," అన్నాను.

ఆయన బూటు విదిలించుకున్నారు. ఎనిమిది రోజులాగి మళ్ళీ వస్తానని, ఈలోగా ఏదో ఒకటి తేల్చమని వెళ్ళిపోయారు.

224వ రోజు. 4 కిలోల 560.

వీర్రాజు గారి నారింజ కోటు వేసుకున్నాను. కొత్త మీసం పెట్టుకున్నాను. ఆయనలా కుంటుతూ నడిచాను. ఆయనలా రెండుసార్లు దగ్గి, "ఏవే పిచ్చి మాణిక్యం" అన్నాను, గొంతు మార్చి. పల్లాలమ్మ గారు తలుపు దగ్గర నిలబడి "ఎడమ కాలు కాదే, కుడికాలు" అంటూ దిద్దారు. వీర్రాజు గారి వేషం నాకు ఎంత బాగా కుదిరిందంటే ఆఫీసు గుమస్తా నన్ను చూసి "అప్పుడే వచ్చేశారేటండీ!" అని లేచి నిలబడ్డాడు.

మాణిక్యం నన్ను దాటి నా వెనక ఉన్న తలుపు వంక చూసింది. ఇంకెవరైనా వస్తారేమోనని చూస్తున్నట్టు చూసింది. నేను ముక్క పెట్టి తెర దించేసరికి గుర్రుమని ఒక చప్పుడు చేసింది. కోపం కాదది. నాకు ఎందుకో ఆ చప్పుడు నచ్చలేదు, సాయంత్రం దాకా చెవిలోనే ఉంది.

ఇంటికి వెళ్ళాక మామూలుగా ఆయన తన అన్నపు గదిలోకి, నేను నా అన్నపు గదిలోకి వెళ్ళి గడియలు పెట్టుకున్నాం. నోట్లో ముద్ద ఉండగా మాట్లాడటం తప్పని తెలుసు. అయినా గోడ కొట్టి అడిగాను.

"నాలుగు కిలోల రెండొందలకు తగ్గితే?"

మింగాకే మాట్లాడతారని నాకు తెలుసు, ఆగాను.

"నియమం తెలుసుగా వేణీ. శీతల పెట్టెలో నిద్రపుచ్చి వచ్చే ఓడలో భూమికి పంపాలి. సంతకం నేనే పెట్టాలి."

"ఏడు నెలల ప్రయాణం. లేస్తుందా?"

"ఈ వయసులో లేవదు," అన్నారు గోడ అవతల నుంచి.

228వ రోజు. 4 కిలోల 310.

ఈ రోజు మీసం పెట్టుకోలేదు. కోటూ వేసుకోలేదు. మాణిక్యం గదిలో నేల మీద కూర్చున్నాను. అది రెక్కలు జారేసుకుని మూల కూర్చుంది. తెల్లటి వీపు మీద ఈకలు అట్టకట్టాయి. దగ్గరకు వెళ్ళి నా జడ దువ్వెనతో దువ్వాను. కరవలేదు. కరిచినా బాగుండేది. ఏడుపొచ్చింది, ఏడ్చాను. ఇది అధికారిక పుస్తకమని తెలుసు, పల్లాలమ్మ గారు చదువుతారనీ తెలుసు. చదవనివ్వండి.

తర్వాత వీర్రాజు గారికి లైను కలిపించాను.

"తూకమెంతమ్మా?"

చెప్పాను. అవతల ముక్కు చీదుకున్న చప్పుడు.

"వేణమ్మా, ఒక మాట సెబుతాను. పుస్తకంలో రాయకూడదు."

"రాయనండి," అన్నాను. (రాస్తున్నాను. వీర్రాజు గారూ, క్షమించండి.)

"నేను దాని గదిలో కూకుని తినేవోణ్ణమ్మా."

"ఏం తినేవారు?"

"అన్నం."

నాకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక చెవులు వేడెక్కాయి. "అటు తిరిగి తినేవారా?"

"ఎదురుగానే. సిగ్గుసేటు పనే, కాదనను. సిన్నప్పుడు అది ఇలాగే మేత మానేసింది. ఓ రోజు ఆకలికి ఆగలేక దాని ముందే కేరేజీ ఇప్పేను. అదొచ్చి నా అన్నంలో మూతెట్టింది. నాకు ఒళ్ళు మండి దాని ముక్క నేను లాగేను. అది మళ్ళా లాక్కుంది. లాక్కుని మింగేసిందమ్మా! రాబందులు గుంపుగా తింటాయంట. దెబ్బలాడుకోపోతే వాటికి ముద్ద దిగదు. నువ్వు దానికి తెర కడతన్నావు సూడు, అదే దాన్ని సంపేత్తంది."

లైను తెగిపోయింది. పదహారు రోజులుగా ఆ పక్షికి మర్యాద చేసీ చేసీ దాన్ని చావు దాకా తీసుకొచ్చాం. మా అందరికీ తట్టింది మీసమే. భోజనానికి తోడు కావాలనుకునే ప్రాణి ఒకటి ఉంటుందని ఒక్కరికీ తట్టలేదు. తట్టేందుకు మేం ఎప్పుడు చూశాం గనక? మా తాతల కాలంలో గొంతు జబ్బు వచ్చి సగం ఊరు మంచాన పడితే, అప్పుడు పెట్టుకున్నారు ఈ గడియలు. జబ్బు పోయి నలభై ఏళ్ళయింది.

వెంటనే కేరేజీ తెచ్చుకుని మాణిక్యం ఎదుట కూర్చున్నాను. మూత తీశాను. అది తల ఎత్తింది. ముద్ద కలిపి నోటి దాకా తెచ్చాను. అంతే, ఎక్కిళ్ళు పట్టుకున్నాయి. ఇంత వయసొచ్చి, ఒక కంటి ముందు నోరు తెరవడం నా వల్ల కాలేదు. మూడుసార్లు ప్రయత్నించాను. ఎక్కిళ్ళతోనే ఇంటికి వెళ్ళాను.

229వ రోజు. 4 కిలోల 190.

నాలుగు కిలోల రెండొందలకు పది గ్రాములు తక్కువ. త్రాసు తప్పేమోనని నాలుగుసార్లు తూచాను.

పది గంటలకు వీడ్కోలు పాఠం పెట్టారు. నలభై మంది పిల్లలు వరసగా కూర్చున్నారు. చిట్టబ్బాయి గారు ఈసారి దూరంగా, కుర్చీలో. పల్లాలమ్మ గారు తల వంచుకుని ఉన్నారు. శీతల పెట్టె పక్కన మా ఆయన కాగితం పట్టుకుని నిలబడ్డారు. సంతకం అయింది, తేదీ వేయడం ఒక్కటే మిగిలింది. నా వంక చూడలేకపోయారు.

మాణిక్యం గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. లేచాను. కేరేజీ తెచ్చుకుని, దాని ముందు నేల మీద బాసింపట్టు వేసుకుని, మూత తీశాను. పెరుగన్నం, గోంగూర పచ్చడి.

"అయ్యో, టీచరు నోరు తెరుస్తున్నారు!" అని ఎవరో అరిచారు. సగం మంది కళ్ళు మూసుకున్నారు. పల్లాలమ్మ గారు ఉలిక్కిపడి పెద్దగా కూనిరాగం అందుకున్నారు. కళ్ళు గట్టిగా మూసుకుని ముద్ద నోట్లో పెట్టుకున్నాను. నమిలాను. ఆ నిశ్శబ్దంలో నా దవడ చప్పుడు నాకే వినిపించింది. మింగాను.

కళ్ళు తెరిస్తే మాణిక్యం నా ఎదురుగా ఉంది. మూల నుంచి ఎప్పుడు వచ్చిందో తెలియదు. మెడ సాచి నా గోంగూరలో ముక్కు ముంచింది.

"ఏయ్, నాది!" అని దాని పళ్ళెంలోని ముక్క నేను పట్టి లాగాను.

అది బుస్సుమంది. రెక్కలు రెండూ విప్పింది. ముక్క రెండో కొన పట్టుకుని వెనక్కి గుంజింది. నేనూ గుంజాను. నన్ను రెండు బారలు ఈడ్చుకెళ్ళింది, అంత నీరసంలో ఆ బలం ఎక్కడిదో! చెయ్యి జారింది. అది తల పైకెత్తి ముక్కను గుటుక్కున మింగింది. ఇంకోటి తీశాను, అదీ గుంజుకుని మింగింది. నా రవిక నిండా పచ్చడి. నేను ఏడుస్తున్నానో నవ్వుతున్నానో నాకే తెలియదు.

మూడో ముక్క దగ్గర ఆగిపోయింది. తల తిప్పి పిల్లలందరినీ చూసింది. ఇంతమంది ఉండి ఒక్కరి దవడా ఆడటం లేదు. దానికి అనుమానం వచ్చింది. ముక్క వదిలేసి వెనక్కి ఒక అడుగు వేసింది.

"తినండి!" అన్నాను. "ఎవరైనా తినండి, మీకు పుణ్యముంటుంది!"

ఎవరూ కదల్లేదు. నలభై సంచీల్లో నలభై కేరేజీలున్నాయి. అప్పుడు కుర్చీ కిర్రుమంది. చిట్టబ్బాయి గారు లేచి వచ్చి, నా పక్కన నేల మీద కష్టపడి కూలబడి, తోలు సంచీ తెరిచారు. అందులో ఫైళ్ళుంటాయనుకున్నాను. పూతరేకులు.

"రోజూ ఇయ్యి గడియేసుకుని ఒక్కణ్ణే తింటానండి. ఇంత బాగున్నాయని సెప్పుకుందామంటే ఎదర మనిషుండడు," అని ఒకటి తీసి, అందరూ చూస్తుండగా కొరికారు. పొడి గడ్డమంతా రాలింది.

పల్లాలమ్మ గారి కూనిరాగం ఆగింది. "ఏవండీ, అదొకటి ఇలాగివ్వండి," అన్నారు.

ఆ తర్వాత జరిగింది వరసగా రాయడం నా వల్ల కాదు. కేరేజీల మూతలు టపటపా తెరుచుకున్నాయి. ఒకరి పులిహోర ఇంకొకరు లాగారు. ఇద్దరు ఒక అప్పడం కోసం జుట్లు పట్టుకున్నారు. తన ఇంటి పప్పు కంటే పక్కింటి పప్పు బాగుంటుందని ఒక పిల్లకు అప్పుడే తెలిసి, ఆ అన్యాయానికి భోరుమంది. బంగారి కప్పు నుంచి దిగి ఎవరిదో వడ ఎత్తుకెళ్ళింది. నడుమ మాణిక్యం, రెక్కలు విప్పి, అందరి మీదా బుసకొడుతూ, దొరికిన ముక్కనల్లా గుంజుకుని మింగుతోంది. మొత్తం ఆరువందల నలభై గ్రాములు తిన్నది. గొంతు కింద సంచీ ఉబ్బి పక్కకు వాలిపోయింది.

మా ఆయన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నారు. చిట్టబ్బాయి గారు "రాబందు ఏమి బోధించినది" అన్న గడి చిన్నదైపోయిందని, ఇంకో తెల్లకాగితం అడిగి తీసుకున్నారు.

229వ రోజు, సాయంత్రం. ఇది శాల పని కాదు, అయినా రాస్తున్నాను.

ఇంటికి వచ్చాం. కాకరకాయ వేపుడు, పులుసు చేశాను. ఆయన పళ్ళెం పట్టుకుని మామూలుగా తన గది వైపు నడిచారు.

"ఏవండీ, ఇక్కడే కూర్చోండి," అన్నాను.

ఆయన గుమ్మంలో నిలబడి తన గది గడియ వంక ఒకసారి చూశారు. వచ్చి కూర్చున్నారు. చెవులు ఎర్రబడ్డాయి. నేను కూనిరాగం తీయలేదు. చూశాను.

ఆయన మొదటి ముద్ద కళ్ళు మూసుకుని తింటారు. అన్నం మధ్యలో గుంట చేసి పులుసు పోసుకుని, అది పక్కకు పారకుండా వేలితో చిన్న గట్టు కడతారు. నచ్చిన ముక్కలన్నీ ఏరి చివరికని పళ్ళెం అంచున దాచుకుంటారు. పెళ్ళయి తొమ్మిదేళ్ళు. ఈ మనిషి గురించి నాకు తెలియనిది ఇంకేం ఉందిలే అనుకునేదాన్ని. నా ముద్ద మాత్రం దిగలేదు.

అందుకని చెయ్యి చాపి, ఆయన దాచుకున్న కాకరకాయ ముక్కల్లో అన్నిటికంటే ఎర్రగా వేగినదాన్ని లాక్కున్నాను.

"ఏయ్, నాదది!" అంటూ ఆయన నా చెయ్యి పట్టుకున్నారు.